సంచికి దొరికిన చోటు

ఈ వేసవికి ఇటలీ వెళ్దామని మా అమ్మాయి పట్టుబట్టింది. అదీ, అల్లుడూ, పిల్లలిద్దరూ, నేనూ. ఖర్చు తగ్గాలి కాబట్టి హోటళ్ళు వద్దనీ, వంటిల్లున్న గదులు తీసుకుని అన్నం మనమే వండుకుందామనీ, ఊరికీ ఊరికీ మధ్య రైళ్ళలో తిరుగుదామనీ దాని ఆలోచన. అల్లుడు మాత్రం అక్కడ కారు అద్దెకు తీసుకుందామంటాడు. "అయిదుగురం, సామాను, పైగా మీ మోకాళ్ళు. కారయితే హాయిగా ఉంటుంది అత్తయ్యా" అని నా మోకాళ్ళు అడ్డం పెట్టుకుని వాదిస్తాడు. అమ్మాయి నా వంక చూసింది. నేను దాని వంక చూశాను.

"కారయితే నేను రాను" అన్నాను.

"నేనూ రాను" అంది అది.

అల్లుడు బిక్కమొహం వేశాడు. పాపం, అతనికేం తెలుసు? తెలియాలనే ఇది రాస్తున్నాను. మా బావగారు ఇప్పుడు లేరు. పోయినవాళ్ళ గురించి చెడు చెప్పకూడదంటారు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్తాను, చెడో మంచో చదివినవాళ్ళే తేల్చుకోండి.

అప్పట్లో మేము ఎల్బీనగర్ చౌరస్తా దాటాక, విజయవాడ రోడ్డుకి దగ్గర్లో, రెండు గదుల వాటాలో అద్దెకుండేవాళ్ళం. కాలనీ అని బోర్డు ఉండేది గానీ సగం ప్లాట్లలో హద్దురాళ్ళే కాపురం చేసేవి. బస్సు దిగి ఇంటికొచ్చేసరికి చీర కుచ్చిళ్ళ నిండా పల్లేరుకాయలు. ముందు వాటాలో ఉండే ఓనరమ్మది ఆ పక్క ఊరే. ఒకప్పుడు ఆ నేలంతా వాళ్ళ ద్రాక్షతోట. ఆ తోటని చవగ్గా కొనిపించి, ముక్కలు చేయించి, ప్లాట్లుగా అమ్మించినవాడు మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు. పగలు గవర్నమెంటాఫీసులో ఉద్యోగం, సాయంత్రం ప్లాట్ల బేరం. గుంటూరు జిల్లా నుంచి ఇద్దరన్నదమ్ములూ ఒకే ఏడాది వచ్చారు. ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో డాబా కట్టి తెల్ల అంబాసిడర్ కారు కొన్నాడు. మా ఆయన గొడుగు కొన్నాడు.

కారు కొన్న వేసవిలో బావగారు అందరూ వినేలా ప్రకటించాడు, పిల్లల్ని తీసుకుని వైజాగు వెళ్తున్నామని. సముద్రం, సింహాచలం, అరకు. మా అందరికీ కార్లో చోటు చాలదన్నది ముందే తెలుసు, మేం అడగనూ లేదు. ఆయనే మా అమ్మాయి తల మీద చెయ్యి వేసి, "నువ్వు మాత్రం మాతో రావే, సముద్రం చూపిస్తా" అన్నాడు. అప్పుడు దానికి ఎనిమిదేళ్ళు. మర్నాటికి క్లాసులో అందరికీ తెలిసింది. కూరల బండివాడికి కూడా చెప్పింది.

ఇక్కడ బావగారి పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే కథ అర్థం కాదు. ఆయన సెలవు వృథా కానిచ్చే రకం కాదు. రెండో శనివారం ఎలాగూ ఆఫీసు ఉండదు కాబట్టి ప్రయాణం ఎప్పుడూ ఆ రోజే మొదలుపెట్టాలి. కానీ శనివారం తూర్పు దిక్కుకి వారశూల, బయల్దేరకూడదు. వైజాగేమో తూర్పున ఉంది. సెలవూ పోకూడదు, శాస్త్రమూ తప్పకూడదు. దానికి పెద్దలు పెట్టిన ఉపాయమే ప్రస్థానం. రెండ్రోజుల ముందు మంచి ఘడియ చూసి, ఒక సంచిలో జత బట్టలు, కాసిని బియ్యం, పసుపు కుంకుమలు, తాంబూలం, కొబ్బరికాయ పెట్టి, వెళ్ళే దిక్కులో ఉన్న ఎవరింట్లోనైనా ఉంచుతారు. దాంతో ప్రయాణం ఆ రోజే మొదలైపోయినట్టు. ఇక శనివారం బయల్దేరినా దోషం లేదు. కాకపోతే ఆ సంచిని తిరిగి ఇంటికి తేకూడదు, దార్లో ఆగి దాన్ని తీసుకునే ముందుకి సాగాలి. దిల్‌సుఖ్‌నగర్‌కి తూర్పున, విజయవాడ రోడ్డు మీద, మేము ఉన్నాం. శాస్త్రానికి పనికొచ్చే తమ్ముడు.

అలా గురువారం నాడు మా తోటికోడలు, అక్కయ్య, కాషాయం రంగు రెక్సిన్ సంచి తెచ్చి మా దేవుడి గూటి పక్కన పెట్టింది. పెట్టి, "శనివారం పొద్దున్నే వస్తాం, దార్లోకి పులిహోర, పెరుగన్నం కట్టిచ్చెయ్యి" అంది. నేను సంతోషంగా ఒప్పుకున్నాను. పిల్లని తీసుకెళ్తున్నారు కదా.

మా అమ్మాయి ఆ రెండ్రోజులూ సంచికి కాపలా కాసింది. తన తమ్ముణ్ణి, మా చిన్నాణ్ణి, దాని దరిదాపులకి రానివ్వలేదు. శుక్రవారం నాడు నాకో అనుమానమొచ్చి, "ఒకవేళ వాళ్ళకి కుదరకపోతే ఏడవకూడదు సుమా" అన్నాను. అది నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసి, "సంచి ఇక్కడే ఉందిగా అమ్మా, నన్ను వదిలేసి ఎలా వెళ్తారు?" అంది.

శనివారం కారొచ్చింది. దాన్నిండా జనం. అక్కయ్య తమ్ముడి పిల్లలు అనుకోకుండా వచ్చారట, వద్దనలేకపోయారట. బావగారు దిగలేదు. స్టీరింగు మీద చెయ్యి తియ్యకుండానే, "వచ్చే ఏడు చూద్దాం లేమ్మా" అన్నాడు. అక్కయ్య లోపలికొచ్చి సంచి తీసుకుంది. పులిహోర క్యారియర్ కూడా తీసుకుంది. కారెక్కి, పిల్లల్ని జరగమని, సంచిని తన ఒళ్ళో కాదు, కిటికీ పక్కన సీటు మీద పెట్టుకుంది. అందులో కొబ్బరికాయ ఉంది, దొర్లకూడదట.

సంచికి చోటు దొరికింది. పిల్లకి దొరకలేదు.

మా ఆయన గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపాడు. మనం కూడా ఎప్పుడైనా వెళ్దాం లే అన్నట్టు ఏదో గొణిగాడు. దానికి బావగారు నవ్వి, "కారు లేకుండా చిన్నపిల్లల్తో అంత దూరం ఎక్కడ వెళ్తావురా, ఫొటోలు తెచ్చి చూపిస్తాంలే" అని గేరు వేశాడు. ఆ నవ్వు నాకింకా వినిపిస్తూనే ఉంటుంది.

పిల్ల ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. కొత్త చెప్పులు విప్పి, దుమ్ము తుడిచి, అట్టపెట్టెలో పెట్టింది. తర్వాత వంటింట్లోకి వచ్చి నా వెనకాల నిలబడి, "కాళ్ళ దగ్గర కూర్చోమన్నా కూర్చునేదాన్ని కదమ్మా" అంది. నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే నా మొహం చూస్తుందని.

ఓనరమ్మ అరుగు మీద కూర్చుని అంతా చూసింది. "గంత కార్ల గింత పిల్లకు జాగ లేకపాయెనా చెల్లె? గా సంచి మాత్రం మంచిగ గూసున్నది" అంది. పుండు మీద కారం చల్లినట్టయింది. కానీ ఆవిడ అన్నది నిజం.

వాళ్ళు తిరిగొచ్చారు. సముద్రం దగ్గర అందరూ నవ్వుతున్న ఫొటోలు చూపించారు. నా క్యారియర్ తిరిగొచ్చింది, కడక్కుండా. అడుగు గిన్నెలో పులిహోర మెతుకులు ఎండి అంటుకుపోయి ఉన్నాయి. వాటిని కొబ్బరి పీచుతో గీకుతూ నిర్ణయించుకున్నాను. నా కూతురు ఆ సముద్రం చూస్తుంది. కారు లేకుండా చూస్తుంది. అది చూసే రోజున ఆ కారు సముద్రం మొహం చూడదు. పోట్లాడితే రెండ్రోజుల్లో చల్లారిపోతుంది. నాది పాము పగ.

ఆ ఏడాదంతా నవ్వుతూ తిరిగాను. పండక్కి వాళ్ళింటికెళ్ళి బూరెలు వండాను. బాలాపూర్ వినాయకుణ్ణి చూడ్డానికి వాళ్ళు కార్లో, మేము బస్సులో వెళ్ళి అక్కడ కలుసుకున్నాం. లోపల మాత్రం నా పని నేను చేసుకుంటూనే ఉన్నాను. వెనక వీధిలో వైజాగు వైపు ఆవిడ ఒకావిడ ఉండేది. ఆవిడ దగ్గర కూర్చుని ఒత్తులు చేస్తూ ఊరి సంగతులన్నీ రాబట్టాను. సింహాచలం కొండ కింద సత్రంలో గది తేలిగ్గా దొరుకుతుందట, స్టవ్వు తెచ్చుకుంటే వంట చేసుకోనిస్తారట. సముద్రానికి సిటీబస్సు ఉందట. అరకుకి పొద్దున్నే పాసింజరు రైలు ఉందట, అది కొండల్ని తొలుచుకుంటూ సొరంగాల్లోంచి వెళ్తుందట. "రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకి ఆ సొరంగాలు కనిపించవండీ" అందావిడ. ఆ మాటకి ఆవిడని కౌగిలించుకుందామనిపించింది.

టిక్కెట్ల కోసం సికింద్రాబాదు నేనే వెళ్ళాను. రెండు బస్సులు మారి, క్యూలో నిలబడి, బావగారు ఎలాగూ వదలడని తెలిసిన మే నెల రెండో శనివారానికి ముందు రోజు, శుక్రవారం సాయంత్రం రైలుకి నాలుగు బెర్తులు తీసుకున్నాను. శుక్రవారం తూర్పుకి ఏ శూలా లేదు. శాస్త్రం నాకూ తెలుసు.

మా ఆయనకి ప్రయాణం సంగతి చెప్పాను గానీ అన్నగారికి చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. "ఎందుకే?" అన్నాడు. "దిష్టి తగులుతుంది" అన్నాను. నమ్మాడు. పిల్లలకి అసలు చెప్పలేదు. దానికి మళ్ళీ ఆశ పెట్టి, మళ్ళీ గేటు దగ్గర నిలబెట్టే ధైర్యం నాకు లేదు. చెప్తే చేతిలో టిక్కెట్టు పెట్టే చెప్పాలి.

వేసవి వచ్చింది. బావగారు మళ్ళీ వైజాగే అన్నాడు, పోయినసారి అరకు సరిగ్గా చూడలేదట. మళ్ళీ రెండో శనివారమే. గురువారం మళ్ళీ అక్కయ్య అదే కాషాయం రంగు సంచి పట్టుకుని వచ్చింది. మళ్ళీ అదే దేవుడి గూటి పక్కన పెట్టింది. కొట్టినవాడు మర్చిపోతాడు, పడ్డవాడే గుర్తుంచుకుంటాడు అంటారు కదా. వాళ్ళకి నిజంగానే ఏమీ గుర్తు లేదు.

నేను మంచినీళ్ళిచ్చి ఎదురుగా కూర్చున్నాను. ఎదురుచూశాను. "వచ్చే ఏడు చూద్దాం" అన్న మాట ఉంది కదా. ఈసారైనా పిల్ల సంగతి ఎత్తుతుందా? తీసుకెళ్ళక్కర్లేదు, "పాపం, ఈసారి కూడా కుదరట్లేదు" అన్నా చాలు. ఆ ఒక్క మాట అని ఉంటే శుక్రవారం వెళ్తూ వెళ్తూ ఆ సంచిని ఓనరమ్మ అరుగు మీద పెట్టి వెళ్ళేదాన్ని. ఒట్టు. నాకూ మనసుంది.

అక్కయ్య నీళ్ళు తాగింది. మా అమ్మాయి అక్కడే కూర్చుని బొమ్మ గీసుకుంటోంది. దాని మీదుగా చూసి, "పులిహోర ఈసారి కాస్త ఎక్కువ కలుపు. పోయినసారి చాల్లేదు" అంది అక్కయ్య.

"అలాగే అక్కయ్యా" అన్నాను.

పులిహోర కలిపాను కూడా. ఎక్కువే కలిపాను. చేగోడీలు వేయించాను. గడ్డిఅన్నారం పళ్ళ మార్కెట్టు నుంచి మామిడిపళ్ళు తెప్పించి గడ్డి పరిచిన బుట్టలో సర్దాను. శుక్రవారం మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్లని పిలిచి టిక్కెట్లు చేతిలో పెట్టాను. అది అటూ ఇటూ తిప్పి చూసి మొదట అడిగిన ప్రశ్న, "కార్లోనా?"

"కాదు, రైల్లో."

"అయితే వస్తాను" అంది. అట్టపెట్టెలోంచి చెప్పులు తీసింది. అవి చిన్నవైపోయాయి. అయినా మడమలు బయటికి వేలాడేస్తూ అవే వేసుకుంది.

హోల్డాలు, స్టవ్వు, కూజా, మామిడిపళ్ళ బుట్ట అన్నీ గుమ్మంలో పెట్టాను. దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. పక్కనే సంచి ఉంది. దానికీ ఒక దణ్ణం పెట్టాను. తలుపు లాగి, తాళం వేసి, రెండుసార్లు గుంజి చూసి, తాళం చెవి జాకెట్లో దోపుకున్నాను. ఓనరమ్మ, "ఊరికి పోతున్నరా? మంచిగ పోయిరా చెల్లె" అంది. నా మొహంలో ఏం కనిపించిందో ఏమో, ఇంకేమీ అడగలేదు.

రైలు కాజీపేట దాటాక మా ఆయనకి గుర్తొచ్చింది. చదువుతున్న పేపరు దించి, "రేపు అన్నయ్య వాళ్ళు వస్తారు కదూ. సంచి ఓనరమ్మకి ఇచ్చావా?" అన్నాడు.

"లేదు. ఇంట్లోనే ఉంది."

"తాళం చెవి?"

"నా దగ్గరే ఉంది."

ఆయన నన్ను చూశాడు. ఎదుటి బెర్తు మీద కిటికీ ఊచలు పట్టుకుని కూర్చున్న కూతుర్ని చూశాడు. తలెత్తి పైనున్న అలారం చైను వంక చూశాడు. లాగుతాడేమోనని నేను దానికి అడ్డంగా జరిగి కూర్చున్నాను. తమ్ముడు కదా, పైగా అన్నగారంటే ప్రాణం. చివరికి ఇటు తిరిగి, "చేగోడీలు తెచ్చావా?" అన్నాడు.

ఆ మనిషి మీద నాకు అంత ప్రేమ అంతకుముందు కలగలేదు.

వైజాగులో సత్రం గదిలో దిగాం. సీలింగు ఫ్యానుకి చప్పుడెక్కువ, గాలి తక్కువ. అయితేనేం. శనివారం సాయంత్రం సిటీబస్సెక్కి సముద్రానికి వెళ్ళాం. పిల్ల ఒడ్డున ఆగిపోయి, "ఇది ఎవరిది?" అని అడిగింది. ఎవరిదీ కాదన్నాను. ఇక పరుగెత్తింది. మా ఆయన పంట్లాం మోకాళ్ళ దాకా మడిచి దాని వెనకాల. నేను ఇసకలో కూర్చుని అందరికంటే ఎక్కువ ఆనందపడ్డాను, ఎందుకంటే నాకు రెండు సముద్రాలు కనిపిస్తున్నాయి. ఒకటి ఎదురుగా. రెండోది, ఆ వేళకి దిల్‌సుఖ్‌నగర్‌లో బావగారి మొహం.

అరకు రైల్లో సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టె అంతా చీకటై పిల్లలు కేకలు పెట్టారు. నేను ఆ చీకట్లో ఒక మాట సాధన చేసుకున్నాను. ఇంటికెళ్ళాక సంచి కోసం వాళ్ళు వస్తారు కదా, అప్పుడు నవ్వుతూ, నెమ్మదిగా అనాలి: "అక్కయ్యా, కార్లో దీనికి చోటుందా?" ఒక సొరంగంలో వెటకారంగా, ఇంకో సొరంగంలో అమాయకంగా, రకరకాలుగా అనుకుని చూసుకున్నాను. అమాయకంగా అంటేనే ఎక్కువ తగులుతుందని తేల్చుకున్నాను.

వారం దాటాక తిరిగొచ్చేసరికి ఓనరమ్మ మా కోసమే కాచుకుని ఉంది. సామాను దించనివ్వలేదు.

"పొద్దుగాలనే ఒచ్చిండ్రు చెల్లె. కారు మీద పరుపులు, కార్ల పోరగాండ్లు. హారన్ మీద హారన్. తాళం జూసినంక మీ బావ ముఖం నల్లగైపాయె. చాబి ఇయ్యమన్నడు. నా తాన యాడిది అన్న. తాళం పలగ్గొడ్తనని రాయి పట్టుకున్నడు." ఆవిడ కొంగు నడుముకి చుట్టి లేచి నిలబడి చూపించింది. "అప్పుడు లేసిన. నా తోట తీస్కున్నవ్, ఇగ నా తలుపు గూడ తీస్కుంటవా సారూ అన్న. రాయి కింద పడేసిండు."

సంచి లేకుండా ముందుకెళ్తే వారశూల. ఇంటికి తిరిగెళ్తే ప్రయాణం విరిగినట్టే. ఇంకో సంచి పెడదామంటే మొదటిది ఇంకా మా ఇంట్లోనే కూర్చుని ఉంది, అది ఉండగా ఇంకో ప్రస్థానం ఎలా చెల్లుతుంది? ఆ పరుపుల కారు మా వీధిలో చాలాసేపు నిలబడి, చివరికి వెనక్కి తిరిగి, వచ్చిన దారినే వెళ్ళిపోయిందట. ఆ వేసవంతా మళ్ళీ గుమ్మం కదల్లేదు. పిల్లల మీద జాలి వెయ్యలేదా అంటారా? వేసింది. కానీ నా పిల్లని గేటు దగ్గర నిలబెట్టినప్పుడు వాళ్ళకెవరికీ వెయ్యలేదు కదా.

తలుపు తీస్తే వాసన గుప్పుమంది. తాంబూలంలో అరటిపళ్ళు ఉన్నాయని నేనూ మర్చిపోయాను. సంచి నుంచి గుమ్మం దాకా చీమలు బారులు కట్టాయి. నేను ఇల్లంతా కడిగాను గానీ సంచిని ముట్టుకోలేదు.

ఆ సాయంత్రమే కారొచ్చింది. ఈసారి బావగారు దిగాడు. అక్కయ్య దిగలేదు, అద్దం దించుకుని ఎటో చూస్తూ కూర్చుంది. ఆయన గుమ్మంలో నిలబడి మా ఆయనతో, "చెప్పాపెట్టకుండా పోతారట్రా?" అన్నాడు. మా ఆయన, "కారు లేదు కదన్నయ్యా, రైలు మన కోసం ఆగదు" అన్నాడు. నేను పెదాలు తడుపుకున్నాను. సొరంగాల్లో అరగదీసిన మాట నాలుక చివర ఉంది.

నేను నోరు తెరిచేలోపే మా అమ్మాయి లోపలికెళ్ళింది. రెండు చేతుల్తో సంచిని ఎత్తి, ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని, చీమలు చేతుల మీద పాకుతున్నా దించకుండా, బావగారి పక్కనుంచి నడిచి కారు దగ్గరికెళ్ళింది. వెనక తలుపు తీసింది. సీటంతా ఖాళీగా ఉంది. దాన్ని ఎక్కడా పెట్టకుండా వెనక్కి తిరిగి, చాలా మర్యాదగా అడిగింది.

"పెదనాన్నా, దీన్ని సీట్లో కూర్చోబెట్టనా, కాళ్ళ దగ్గర పెట్టనా?"

అంటే అది మర్చిపోలేదు. ఏడాదంతా, నేను మర్చిపోయిందనుకుంటున్న రోజుల్లో కూడా. అక్కయ్య తల దించుకుంది. బావగారు జేబులో కారు తాళాలు వెతుక్కున్నాడు, అవి చేతిలోనే ఉన్నాయి.

పిల్ల సంచిని కిటికీ పక్క సీటు మీద జాగ్రత్తగా పెట్టి, కొబ్బరికాయ దొర్లకుండా సర్ది, తలుపు వేసి వచ్చి చేతులు కడుక్కుంది.